లోయకు వినపడేలా

గొడ్డలి అంచు తలుపు చెక్కను చీల్చుకుని గదిలోకి పొడుచుకొచ్చింది. దేచమ్మ మంచాన్ని తలుపుకు అడ్డంగా తోసి, నెలలు నిండిన కడుపును రెండు చేతులా పట్టుకుని గోడ వారగా కూలబడింది. పగిలిన పెదవి నుంచి నెత్తురు చీర మీదికి కారుతోంది.

“తలుపు తియ్యవే. ఇంటి పరువంతా పెదనాన్న ముందు పరిచొచ్చినదానివి, ఇప్పుడు దాక్కుంటావేం?” అన్నాడు బయటినుంచి ఆమె మొగుడు పూణచ్చ.

నిన్న ఆమె ఆ వంశానికి పెద్దయిన మాచయ్య దగ్గరికి వెళ్లి, తాగి కొడుతున్నాడని చెప్పుకుంది. ఆయన వీణ్ణి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాడు. దాని ఫలితమే ఇది. పొద్దున సీసా ఎత్తినవాడు మధ్యాహ్నానికి గొడ్డలి ఎత్తాడు. మొగుడి మీద చెప్పుకున్న ఆడదానికి అన్నిచోట్లా ఇదే మర్యాద కాబోలు.

అరిచి లాభం లేదు. కొడగు కొండల్లో ఒక ఇంటి గోడు ఇంకో ఇంటికి వినపడదు. చుట్టూ కాఫీ తోట, పైన పెంకుల మీద నడి వానాకాలపు కక్కడ నెల వాన. ఎక్కడో చెట్టు కూలి తీగలు తెగాయి, సిగ్నలూ పోయింది. చేతిలో ఫోనుంది గానీ దేనికి? ఎవరికి చేస్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, హాల్లో ఉన్న కంప్యూటరు. ఇంటికంతటికీ అదొక్కటే. దాని తీగలు పైకప్పు మీది పెద్ద లౌడ్‌స్పీకర్లకు వెళ్తాయి. ఏనుగులు తోటలో పడితే అందులోంచి పులి గాండ్రింపు వేస్తారు. దానికోసం పక్క దిగి రావడానికి కూడా బద్ధకమై, ఏ గదిలోంచైనా ఫోనుతోనే నడిపేలా పెట్టించిన మహానుభావుడు పూణచ్చే. బయటి లైనుతో దానికి పని లేదు. ఇన్వర్టరు ఉన్నంతసేపు ఇంట్లో ఫోను చెప్పినట్టు కంప్యూటరు వింటుంది.

ఫోను తెరిచింది. పులి ఉంది, తేనెటీగల రొద ఉంది, వాటి కింద తుపాకీ చప్పుడు కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఆ లోయలో తుపాకీ చప్పుడును జనం లెక్కపెట్టి వింటారు. ఇంట్లో ఎవరైనా పోతే ఒకదాని వెనక ఒకటి రెండుసార్లు పేలుస్తారు. అది చెవిన పడ్డవాడు తింటున్న కంచం వదిలేసి, భుజాన తెల్లబట్ట వేసుకుని ఆ ఇంటికి పరుగెత్తాల్సిందే.

చావకముందే తన చావును తానే చాటుకోవాల్సి వచ్చింది, ఖర్మ. కళ్లు మూసుకుని నొక్కింది.

ఢాం.

పెంకులు అదిరాయి. లోయ అవతలి కొండ ఆ చప్పుణ్ణి తిప్పి పంపింది. వెంటనే మళ్లీ నొక్కింది. పేలలేదు. వేలికి నెత్తురంటుకుని ఫోను తాకిడిని పట్టుకోవడం లేదు. చీరకు వేలు తుడిచింది, ఫోను తుడిచింది. ఈలోపు హాల్లోకి పరుగెత్తిన అడుగులు వినిపించాయి. ఆ వెంటనే ఏదో ముక్కలు ముక్కలుగా పగిలింది. ఆమె నొక్కుతూనే ఉంది. కంప్యూటరు దొరకడం లేదంది ఫోను.

పూణచ్చ నవ్వుకుంటూ తలుపు దగ్గరికొచ్చాడు.

“ఒక్కటే పేలిందే పిచ్చిదానా. ఒక్కటంటే ఏమిటో మర్చిపోయావా? మగపిల్లాడు పుట్టాడని. ఈపాటికి ఊరంతా వాడికి పేరు వెతుకుతుంటుంది.”

నిజమే. ఆ మాట వినగానే దేచమ్మ ప్రాణం సగం పోయింది. చావుకైతే పరుగెత్తుకొస్తారు, పుట్టుకకు తొందరేముంది? వాన తగ్గాక తీరిగ్గా, నవ్వుకుంటూ వస్తారు. తనను కాదు, తన కడుపులోని బిడ్డను తలుచుకుని ఏడ్చింది.

గొడ్డలి కంప్యూటరులోనే ఇరుక్కుపోయిందో ఏమో, ఈసారి వాడు గోడ మీది తుపాకీ దించాడు. గొట్టం గడియకు ఆనించి కాల్చాడు. గడియ ఎగిరిపోయింది. తూటా రవ్వలు దేచమ్మ భుజంలో దిగబడ్డాయి. మంచాన్ని తన్ని లోపలికొచ్చి, ఆమెను జుట్టు పట్టుకుని హాల్లోకి ఈడ్చాడు. కడుపుకు దెబ్బ తగలకుండా ఆమె బోర్లా పడకుండా చూసుకుంది గానీ తన్నులు ఆపలేకపోయింది.

తుపాకీ గొట్టాన్ని కిందికి వంచి తెరిచి, జేబులోంచి ఇంకో తూటా తీశాడు. తాగిన చేయి కదా, అది జారి సోఫా కిందికి దొర్లింది. వంగి తడుముతుంటే ఆమె ఆ చేతిని పళ్లతో పట్టేసింది. వాడు తుపాకీ మడమతో వీపు మీద బాదాడు. ఆమె వదల్లేదు. మళ్లీ బాదాడు. వదల్లేదు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో పట్టు జారింది. వాడు తిట్టుకుంటూ తూటా వెతికి పట్టుకుని, తుపాకీలో పెట్టి, గొట్టం ఆమె వైపు తిప్పాడు.

వాకిలి తలుపు భళ్లున తెరుచుకుంది. తడిసి ముద్దయిన నలుగురు మగవాళ్లు లోపలికొచ్చారు. అందరికంటే ముందు మాచయ్య. భుజాన తెల్లబట్ట, కుడిచేతికి ఇంకా అన్నం మెతుకులు. ఒకడు పూణచ్చ చేతిలోని తుపాకీ గొట్టాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

పూణచ్చ ముఖాన లేని నవ్వు తెచ్చుకున్నాడు. అదేదో ఈ కంప్యూటరు పొరపాటు, ఇంకా పుట్టలేదు, పుడితే కబురు చేయనా అన్నాడు.

“అయినా పెదనాన్నా, ఒక్కదానికే ఇంత పరుగు దేనికి?”

మాచయ్య నేల మీద నెత్తుట్లో ఉన్న కోడల్ని చూశాడు. గడియ ఊడిన తలుపును చూశాడు. తుపాకీని వాడి చేతిలోంచి లాక్కున్నాడు.

“మగపిల్లాడే అనుకుని నవ్వుకుంటూ మళ్లీ ముద్ద కలిపాన్రా. అంతలో నువ్వే రెండోది పేల్చావు.”