తెరిచిన నోరు

దెషాన్ కళ్ళు మూసుకుని, నోటినిండా ఊరిన ఉమ్మిని అటూ ఇటూ పుక్కిలించి మింగాడు.

"ఉమ్మి అనుకోకండి, అమృతం అనుకోండి," అన్నాడు పెయ్ మాస్టారు వరసల మధ్య తిరుగుతూ. "మూడు గుక్కల్లో దిగాలి. గుటక చప్పుడు నాకు వినబడాలి."

ముసలీ ముతకా అందరూ ఒక్కసారిగా గుటకలు వేశారు. ఎవడో పెద్దగా త్రేన్చాడు. ఆ త్రేన్పులో రాత్రి తిన్న ముల్లంగి ఊరగాయ వాసనంతా ఉంది. మాస్టారు వాణ్ణి మెచ్చుకున్నాడు. లోపలి చెడుగాలి పోతోందట. ఛీ, ఇదేం సాధన అనుకున్నాడు దెషాన్.

యాభై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా పేకాట, సారా, మిరపనూనెలో తేలే మాంసం తప్ప అతనికి వేరే సాధన తెలియదు. వసంతంలో డాక్టరు స్కానింగ్ చూసి లివర్‌లో గడ్డ ఉందన్నాడు. మందులిచ్చాడు. ఆకులు రాలే కాలానికి మళ్ళీ చూద్దాం, పెరిగితే కోయాలి, కోసినా చెప్పలేం అన్నాడు. ఆ 'చెప్పలేం' విన్న దగ్గర్నుంచి భార్య సూఫెన్‌కి నిద్ర లేదు. చెంగ్డూలో మందులకి తోడు ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చెబుతారు. అలా తెల్లారేసరికల్లా అతన్ని నది ఒడ్డు తోటలో పెయ్ మాస్టారు నేర్పే ఊపిరి సాధనకి తరమడం మొదలుపెట్టింది. ప్రాణం మీద తీపి ఎవరికి లేదు? పళ్ళు టకటకలాడించమంటే ఆడించాడు. ఉమ్మి మింగమంటే మింగాడు.

అన్నీ భరించాడు. అత్తగారిని మాత్రం భరించలేకపోయాడు.

ఆవిడా రోజూ వెంట వస్తుంది. సాధన చెయ్యదు. అందరూ తలా ఒక చెట్టుకి ఎదురుగా నిలబడితే, ఆవిడ సరిగ్గా అతనికీ అతని చెట్టుకీ మధ్య నిలబడుతుంది. అతను అరచేతులు ముందుకు తోసి ఊపిరి వదిలినప్పుడల్లా నోరు బార్లా తెరుస్తుంది. ఆ నోట్లో మూడే పళ్ళు. నాలుక మీద తెల్లటి పాచి. పొద్దున్నే గంజిలో నంజుకున్న ఊరబెట్టిన టోఫు కంపు. పెదాల మూలల్లో నురగ. ఎముక కోసం కాచుకున్న కుక్కలా చూపంతా అతని చేతుల మీదే.

"అత్తయ్యా, కాస్త పక్కకి జరగరాదూ?"

"నేను నీకేం అడ్డం అల్లుడూ? నీ పని నువ్వు కానియ్. గట్టిగా తొయ్యి. సారా గ్లాసు ఎత్తేటప్పుడు ఉండే బలం ఇప్పుడేమయింది?"

పక్క వరస ముసలమ్మలు కిసుక్కున నవ్వారు.

అతను తూర్పు చెట్టు దగ్గరికి పోయాడు. ఆవిడా వచ్చింది. పడమటికి పోతే పడమటికి వచ్చింది. ఇలా కాదని ఒకరోజు ప్రహరీ గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. ముసలిది గోడకీ అతనికీ మధ్య సందులో దూరి నోరు తెరిచింది. ఆ కంపుకి అతనికి అక్కడే వాంతయింది. ఆవిడ తన చొక్కా చేతితో అతని మూతి తుడవబోయింది. ఆ చేతిని విదిలించి కొట్టాడు.

ఇంటికి రాగానే సూఫెన్ మీద పడ్డాడు.

"మీ అమ్మ నేనెప్పుడు పోతానా అని కాచుకుని కూర్చుంది."

"నోరు మంచిది చేసుకో. ముప్ఫై ఏళ్ళు నిండకుండానే మొగుడు పోతే, నానా చాకిరీ చేసి నన్ను పెంచింది. చావంటే ఆవిడకి సరదానా?"

"మరి ఇదేమిటి? నిన్న అన్నం దగ్గర పక్కన చేరి, నొప్పి ఇక్కడా, ఇంకా కిందా అని తన డొక్క తనే పొడుచుకుని అడుగుతోంది. వెక్కిరింత కాకపోతే?"

సూఫెన్ అతని మందు బిళ్ళలు తేవడానికి లేచింది.

ఆకులు రాలాయి. డాక్టరు మళ్ళీ స్కానింగ్ తీయించాడు. గడ్డ పెరగలేదు సరికదా, కాస్త తగ్గిందన్నాడు. ఇంట్లో ఆ మాట చెప్పగానే ముసలిది మూడు పళ్ళూ బయటపెట్టి నవ్వింది. ఎంత తగ్గింది, సరిగ్గా చెప్పు అని కూరగాయలు బేరమాడే దానిలా గుచ్చి గుచ్చి అడిగింది. తన తిండికి ఇంకొన్నాళ్ళు ఢోకా లేదని సంబరం కాబోలు అనుకున్నాడు దెషాన్. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు కంపరమెత్తింది.

మర్నాడు తోటలో ముసలిది ఇంకో అడుగు ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ ఊపిరి అతని మొహానికి తగులుతోంది. దెషాన్ చేతులు దించేసి, విసవిసా పెయ్ మాస్టారి దగ్గరికి నడిచాడు.

"ఆవిడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి మాస్టారూ! ఆ నోరు ఎదురుగా పెట్టుకుని నావల్ల కాదు. ఇవాళే రైలెక్కించి పల్లెలో వాళ్ళ చెల్లెలి దగ్గరికి తోలేస్తాను. అసలు మీరెందుకు ఊరుకుంటున్నారు?"

మాస్టారు అతన్ని చెట్ల పక్కకి తీసుకెళ్ళాడు.

"కొత్తవాళ్ళు భయపడతారని మీకెవరికీ చెప్పనుగానీ, అరచేతుల్లోంచి బయటికి తోసేది రోగాన్నేనయ్యా. ఎదురుగా ఎవరుంటే వాళ్ళలోకి పోతుందని మా నమ్మకం. చెట్లకి ఎదురుగా నిలబెట్టేది అందుకే. మొదటిరోజే మీ అత్తగారిని పక్కకి పిలిచి ఇదంతా చెప్పాను, అక్కడ ఉండొద్దమ్మా అని."

"చెప్పినా వినలేదా?"

"శ్రద్ధగా వింది. 'నాయనా, ముక్కుతో పీలిస్తే ఎక్కువ వస్తుందా, నోటితోనా?' అని అడిగింది."