ఆరు లెక్కపెట్టేదాకా

“మళ్ళీ వచ్చావా? దళారులు ఇక్కడ కూర్చోకూడదని చెప్పానుగా” అంది రిస్మా.

నీలం తలగుడ్డ ముసలావిడ బెంచీ మీంచి కదల్లేదు.

జావాలోని ఆ చిన్న పట్నం ఆసుపత్రిలో ఊపిరి పరీక్షలు చేసేది రిస్మానే. గది ముందు ఆ వేళ పదకొండుమంది ఉన్నారు. అందరూ ఆస్‌బెస్టాస్ తాళ్ళ మిల్లులో పనిచేసి, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్ళే.

గొట్టంలోకి మూడుసార్లు ఊదాలి. మూడూ ఒక్కలా వస్తేనే యంత్రం ఒప్పుకుంటుంది. యంత్రం ఒప్పుకుంటేనే మిల్లు పరిహారం ఇస్తుంది.

“మనిషికి ఎంత తీసుకుంటున్నావు?”

“నీకెంత కావాలి?” అంది ముసలావిడ.

బెంచీ అంతా నవ్వింది.

“అరవకండి. పక్కగదిలో నిద్రలో ఊపిరి చూసే పరీక్ష జరుగుతోంది” అని రిస్మా కాపలాదారు దాదాంగ్‌ని పిలిచింది.

“పదమ్మా, నా ఉద్యోగం తీయించకు” అన్నాడతను.

“వస్తున్నాలేరా. గేటు అవతల రోడ్డు కూడా ఈ పిల్ల అత్తగారిదేనా?”

మర్నాటినుంచి ఆవిడ గేటు అవతల, సూపు బండి పక్కన నిలబడింది. వచ్చిన ప్రతి మిల్లు మనిషినీ ఆపేది.

“పొయ్యి ఊదినట్టు మెల్లగా కాదు. ఉన్నదంతా ఒక్కసారి విసిరికొట్టు. తర్వాత నేను ఆరు లెక్కపెట్టేదాకా నెడుతూనే ఉండు. దగ్గొస్తే మళ్ళీ ఊదుతానని అడుగు. సిగ్గెందుకు? దుమ్ము తినిపించింది వాళ్ళు.”

చెప్పి, తానే ఊది చూపించేది. చూపించిన ప్రతిసారీ గోడకు ఆనుకుని చాలాసేపు దగ్గేది. వాన పడితే ప్లాస్టిక్ పట్టా కప్పుకునేది గాని కదిలేది కాదు.

రిస్మా డాక్టర్ గుమిలార్‌తో చెప్పింది. “వీళ్ళకి మోసం నేర్పిస్తోంది సార్.”

డాక్టర్ యంత్రం గీసిన గీతల కాగితాలు తిరగేశాడు. “ఊదలేనట్టు నటించవచ్చు. మూడుసార్లూ గీత మీద గీత పడేలా నటించడం ఎవరి తరమూ కాదు. వీళ్ళ రోగం నిజం, రిస్మా.”

“అయినా ఆవిడ దళారే” అంది రిస్మా.

వానలు తగ్గాక ముసలావిడ కనిపించలేదు. కానీ మిల్లువాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒకరు ఊదుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి ఆరు లెక్కపెట్టేవాళ్ళు. అప్పటికి నలభైమందికి పరిహారం మంజూరైంది.

ఒకరోజు చివరగా వచ్చిన ఎంతిన్ అనే ఆమెను రిస్మా అడిగింది. “మీ దళారి ఏది?”

“పోయి పదిరోజులైంది.”

“ఎంతిచ్చారు ఆవిడకి?”

“ఉడికించిన వేరుశనక్కాయలు ఇచ్చినా అందరికీ పంచేసేది. డబ్బు మాటెత్తితే తిట్టేది.”

“మరి మీతో ఆవిడకేం పని?”

“ఏం పనా? మాతోపాటే ఇరవైరెండేళ్ళు తాళ్ళు పేనింది. అందరికంటే ముందు పరిహారం అడిగింది ఆవిడే. రాలేదు.”

“పేరేమిటి?”

“ఓనా.”

ఆ మధ్యాహ్నం రిస్మా అల్మారాలోంచి పాత రిజిస్టర్లు దింపింది.

ఆరేళ్ళ కిందటి పేజీలో ఓనా పేరుంది, దాని ఎదురుగా ‘కావాలనే సరిగ్గా ఊదలేదు’ అని రిస్మా దస్తూరీలోనే రాసి ఉంది.