జొన్నల గోదాము విచారణ

1956 అక్టోబరు 7, ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో సర్కారు జొన్నల గోదాము సీలు పగిలింది. మధ్యాహ్నానికి ముప్పై మూడు బస్తాలు వరదలో ఇళ్లు పోయినవాళ్లకు చేరాయి. వాగులు పొంగి నంద్యాల దారి తెగి అప్పటికి మూడు రోజులు. తంతి తీగ కూడా తెగింది. కలెక్టరు ఉత్తర్వు లేకుండా ఆ సీలు తీయకూడదు.

పన్నెండు రోజుల తర్వాత విచారణాధికారి వరదరాజులు నంద్యాల నుంచి జీపులో వచ్చాడు. ఫిర్యాదు అందిందన్నాడు. వరద పనులు చూస్తున్న డిప్యూటీ తహసీల్దారు జీవరత్నం గోదాము అరుగు మీద బల్ల వేయించాడు. ఆయన పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. నేరం రుజువైతే ఉద్యోగమూ పింఛనూ పోతాయి. ఊరికి ఆ సంగతి తెలుసు.

"సీలు ఎవరు తీశారు?"

"ఎవురూ తీయలేదు సామీ," అన్నాడు రైతు రంగయ్య. "నీళ్లకు తలుపే ఊడొచ్చింది."

"నీళ్లు ఈ అరుగు ఎక్కాయా?"

రంగయ్య అరుగు వైపు చూశాడు. దాని మీద బురద మరకైనా లేదు.

"నేనే పగలగొట్టినా," అంది వరదలో ఇల్లు పోయిన కొండమ్మ. "రోకలితో. రాసుకో నాయనా."

"ఇల్లు కొట్టుకుపోయిందన్నావు. రోకలి ఎక్కడిది?"

"అదొక్కటే మిగిలింది."

వరదరాజులు జీవరత్నం వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"నా చేత్తో నేనే పగలగొట్టినాను సార్."

"ఏందప్పా ఇది!" రంగయ్య అరిచాడు. "మేమింతమందిమి చెప్తాంటే!"

"మళ్లీ అట్లాంటి రోజు వస్తే?" వరదరాజులు జీవరత్నాన్ని అడిగాడు.

"మళ్లీ పగలగొడతాను."

"మరి ఈ విచారణ ఎందుకు?"

"రేపు ఈ పనిలో ఇంకొకడుంటాడు సార్. వానికీ ఒకరోజు పగలగొట్టాలనిపిస్తుంది. ఎందుకని అడిగేవాళ్లుండాల."

వరదరాజులు వాంగ్మూలం రాసుకున్నాడు. సస్పెన్షను కాగితం ఇచ్చాడు. మూడు గంటలకు జీవరత్నం తాళాలు అప్పగించాడు.

రంగయ్య జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అర్జీ పెట్టినోడు ఎవురో చెప్పి కదలండి సామీ. ఈ జొన్నలే తిని మా సారు మీద రాసినాడు. ఆ నాకొడుక్కి ఈ ఊర్లో నీళ్లు పుట్టవు."

"వద్దులే రంగయ్యా," అన్నాడు జీవరత్నం. "రాసినోని తప్పేం లేదు."

"నువ్వూరుకో సారూ. నీ మంచితనమే నిన్ను ముంచింది."

వరదరాజులు ఇద్దరినీ చూశాడు. ఫైలులోంచి ఆ అర్జీ తీసి రంగయ్య చేతికిచ్చాడు. రంగయ్యకు చదువు వచ్చు. పైన ఉన్నది వదిలేసి, పేరు కోసం అడుగున చూశాడు.

సంతకం జీవరత్నానిది.