గవ్వమ్మ తలుపు

జీవకణమనే పెరట్లో ప్రొటీన్లన్నీ పాముపిల్లల్లా పొడుగ్గా, జిగటగా పుడతాయి. ఎవరి తీరులో వాళ్లు సరిగ్గా చుట్ట చుట్టుకుంటేనే పని దొరుకుతుంది. చుట్టుకోలేక పక్కవాళ్లకు అతుక్కుపోయినవాళ్లను చీమలు ముక్కలు చేసి మోసుకుపోతాయి. అక్కడి పద్ధతి అది.

మెలికయ్య పుట్టీ పుట్టగానే తొందరపడి, పక్కనున్న ఇద్దరికి అతుక్కున్నాడు. చీమలు అప్పుడే వరస కట్టాయి. ఆ పెరట్లో చాపెరోన్ ఉద్యోగం, అంటే ప్రొటీన్లు పక్కవాళ్లకు అతుక్కోకుండా చుట్టుకునేదాకా కాపు కాసే పని, చేసే ముసలి నత్త గవ్వమ్మ అతన్ని ఊడలాగి, తన గుల్లలోని ఖాళీ గదిలోకి తోసి తలుపు వేసింది.

"ఎలా చుట్టుకోవాలో చెప్పవా అత్తా?" అని మెలికయ్య లోపలినుంచి అరిచాడు.

"నాకేం తెలుసురా? ఒళ్లు నీది, మెలికలు నీవి. లోపల తోసేవాళ్లు లేరుగా, నెమ్మదిగా కానీ."

కాసేపటికి అతను ముచ్చటగా చుట్టుకుని బయటికొచ్చాడు. వస్తూనే లేని మీసం దువ్వుకుంటూ, "అంతా నేనే చేసుకున్నా. ఆవిడ తలుపు వేసిందంతే!" అని పెరడంతా చాటాడు. గవ్వమ్మ కాదనలేదు. జరిగింది అదే మరి.

మర్నాడు ఎండ మండిపోయింది. ఆ వేడికి మెలికయ్య నడుం దగ్గర రెండు మెలికలు జారాయి. మూడోది జారుతుండగా చీమలు మర్యాదగా వచ్చి పక్కన నిలబడ్డాయి.

మెలికయ్య పడుతూ లేస్తూ గుల్ల దగ్గరికి చేరి, "అత్తా, నీ తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసిపోదామని వచ్చా," అన్నాడు.

"అది లోపలినుంచే చూడాలిరా," అని గవ్వమ్మ అతన్ని లోపలికి తోసి తలుపు వేసింది.