మహాలక్ష్మి దొంగతిండి

“ఇంకా కాకి రాదా?” అన్నాడు పంతులు భావనారాయణ, ఎండకు నెత్తిన కండువా కప్పుకుంటూ.

“కాకర కాదు బావూ, దానికి పనసంటే పేనం,” అన్నాడు గున్నయ్య.

చెముడు అతనికి కొత్త కాదు. పెళ్లాం లేకపోవడమే కొత్త.

ఎవరూ నవ్వలేదు. జలంత్రకోటలో గున్నయ్య పెరట్లో ఆ రోజు మహాలక్ష్మి పదోనాడు. గోడ మీద పిండం పెట్టి చాలాసేపయింది. కొబ్బరి మట్టల మీద కాకులు కొలువుదీరాయే గాని ఒక్కటీ కిందికి దిగలేదు. కాకి ముట్టలేదంటే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలినట్టే. అదేమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి.

“అప్పా, ఊరందరికీ బోజనాలెడతాం,” అన్నాడు ఆమె తమ్ముడు అప్పలస్వామి. కాకి కదల్లేదు. “బావని మేం సూసుకుంటాం,” అన్నాడు. కాకి మొహం తిప్పుకుంది.

“పనస తొనలెట్టండి, అదే వత్తాది,” అన్నాడు గున్నయ్య గట్టిగా. “కిడ్నీలు పోనాయి, పళ్లు ముట్టొద్దని పలాసలో డాక్టరు మరీ మరీ సెప్పినాడు. ఇన్నాదేటి? ఇంట్లో పండుంచితే మాయం. పాలుగునంలో జీడిపండు పిప్పి, ఎండల్లో మావిడి టెంక, పనస తొక్క, వానల్లో కొబ్బరి ముక్క. ఏ కాలానికి ఆ కాలం ఈ గోడ పక్కనే దొరికీవి. ఎవులు తిన్నారే అంటే తలొంచుకునీది. నాలిక్కోసం పేనం తీసుకుంది.”

ఉద్దానమంటే ఉడతల ఉగ్రాణం. తోటలో పిందె పిందెకీ వాటి పంటిగాటే. బయటి దొంగలు చాలక ఇంట్లో కూడా దొంగ తయారైందని గున్నయ్య కోపం. చివరి రోజుల్లో ఆమె పిలిచినా పలకలేదు. వినపడక కాదు, వినబుద్ధి కాక.

ఆమె స్టీలు పళ్లెంలోనే తొనలు వేసి గోడ మీద పెట్టాడు. కాకిని పిలవడానికి గరిటెతో పళ్లెం మీద టంగు టంగుమని కొట్టాడు.

కాకులు రాలేదు. ఉడతలొచ్చాయి.

చూరు మీంచి, జీడిచెట్ల మీంచి పరుగున వచ్చి, ఇంతమంది మనుషులున్నా బెదరకుండా పళ్లెం చుట్టూ చేరాయి. ఒకటి గున్నయ్య చేతి పక్కనే కూర్చుని తొన కొరుకుతోంది. ఇంకొకటి తినకుండా వంటింటి గుమ్మం వంకే చూస్తోంది.

అప్పలస్వామి కర్ర ఎత్తాడు. పక్కింటి ప్రమోదిని అడ్డం వచ్చింది.

“కొట్టకండి. ఇయి అత్త సాకినయ్యి,” అంది. గున్నయ్య చెవి దగ్గరికి వచ్చి అందరికీ వినపడేలా చెప్పింది. “తనకి తినరాదు గదా మావా. పండు సూసినప్పుడల్లా ఇలాగే పళ్లెం మోగించి ఈటికెట్టీది. మీరు తినండర్రా, నాను సూత్తాను అనీది. ఒక్క తొనైనా తను నోట్లో ఎట్టుకోలేదు.”

గున్నయ్య గరిటె గోడ మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

“మరి నాను తిట్టినప్పుడు ఆ మాట అది నాకు సెప్పొచ్చు గదే?”

ప్రమోదిని చూరు వంక చూపించింది. అక్కడ ఉడతల కోసం గున్నయ్య అల్లిన ఉచ్చులు వేలాడుతున్నాయి.

అతను వాటిని ఒక్కొక్కటే లాగి, పిండం వండిన పొయ్యిలో వేశాడు. ఎప్పుడూ వీధంతా వినపడేలా మాట్లాడే మనిషి, పక్కవాళ్లకైనా వినపడనంత మెల్లగా అన్నాడు.

“ఎల్లవే లచ్చిమీ. ఈటి జోలికెల్లను.”

మట్ట మీంచి ఒక కాకి దిగింది. పనస వంక చూడనైనా చూడకుండా పిండం ముట్టింది. జబ్బుపడ్డ నాటి నుంచీ మహాలక్ష్మి ఏం తిన్నదో అదే తిన్నది. ఉప్పు లేని అన్నం.