దండ వేసిన ఫొటో

"నా వాచీ రమ్యకి ఇచ్చేశాను నాన్నా," అంది హర్షిణి ఫోన్లో.

"ఎందుకమ్మా?"

"ఊరికే."

గుడివాడ దగ్గర హాస్టల్ కాలేజీ అది. ఆదివారం ఫోన్ మూడు నిమిషాలే. అందులో రెండు నిమిషాలు ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. చివర్లో మాత్రం గబగబా చెప్పింది.

"కాలేజీ మానిపించొద్దు. పరీక్షలు రాస్తాను. పది రోజులు ఇంటికి తీసుకెళ్ళు. పడుకుంటాను. అంతే."

గోవర్ధనరావు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల వ్యాపారి. గీసి గీసి బేరమాడే మనిషిని చూసి అతను ఎన్నడూ భయపడలేదు. ఇష్టమైన వస్తువు ఊరికే ఇచ్చేసే మనిషంటేనే భయం.

పరీక్షలకి ఇంకా నూట ఇరవై రోజులున్నాయి. పది తీసేస్తే నూట పది మిగులుతాయి. తియ్యకపోతే ఎన్ని మిగులుతాయో అతనికి లెక్క తేలలేదు.

ప్రిన్సిపాల్ వెంకటపతికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. పిల్ల సరిగ్గా నిద్రపోవడం లేదు, మాట్లాడటం లేదు, పంపండి అన్నాడు.

"జ్వరమా అండీ?"

"కాదండి. మనసు బాగాలేదు."

"మనసుకి సెలవిచ్చుకుంటూ పోతే హాస్టల్లో వంటవాళ్ళు తప్ప మిగలరండి. ఇంట్లో ఎవరైనా పోతేనే సెలవు. రూలు మీకు తెలుసుగా? పాస్ లేకుండా తీసుకెళ్తే పేరు కొట్టేస్తాం."

తెలుసు. ఆ రూలు పుణ్యమా అని ఆ కాలేజీ పిల్లల బామ్మలూ తాతయ్యలూ తెగ పోయేవారు. అది కనిపెట్టి, దసరా తర్వాత ఇంకో రూలు పెట్టారు. పోయినవాళ్ళ ఫొటోకి దండ వేసి, ఫోన్లో తీసి తెచ్చి చూపించాలి.

నిజం చెల్లలేదు. మోపిదేవిలో ఉన్న అత్తగారికి ఫోన్ చేశాడు.

"దానికేముంది, నన్ను చంపెయ్యి అల్లుడూ," అందావిడ.

"మిమ్మల్ని దసరాకే చంపేశాం అత్తయ్యగారూ. మీ చెల్లెలిగారి మనవరాలి పెళ్ళికి."

"ఓసారి చచ్చినదాన్ని మళ్ళీ చావకూడదా ఏంటి?" అని నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "మరి ఎవర్ని చూపిస్తావు?"

గోవర్ధనరావు బీరువా వైపు చూశాడు.

పక్కనే వింటున్న భార్య విజయకుమారి లేచి నిలబడింది.

"వద్దండీ. ఆ పని మాత్రం వద్దు."

"ఇంకో దారి ఉంటే చెప్పు."

ఆమె వెళ్ళి గడప మీద కూచుంది. అక్కణ్ణుంచే అంది.

"తెస్తే పది రోజులకీ తీసుకురండి. మూడు రోజులకైతే తేవద్దు."

పొద్దున్నే బందరు కోనేరు సెంటర్లో చామంతి దండ అడిగాడు.

"ఎంత పొడుగండీ?" అంది పూలమ్మి.

"మూరన్నర," అన్నాడు తడుముకోకుండా.

ఇంటికొచ్చి బీరువాలోంచి గుడ్డ చుట్టిన ఫొటో తీశాడు. విజయకుమారి గోడవైపు తిరిగి నిలబడింది. దండ సరిగ్గా సరిపోయింది. అగరొత్తి వెలిగించి, పొగ కూడా పడేలా ఫోన్లో తీశాడు. మెరుగు లేని సరుకు ఎవరూ కొనరు.

కాలేజీలో వెంకటపతి ఆ బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

"మా ఇంటి పిల్లేనండి."

"వయసు?"

"పదిహేడు."

"ఎప్పుడు పోయింది?"

"గురువారం."

"నవ్వుతోందే!"

"అప్పుడు బాగా నవ్వేదండి."

వెంకటపతి ఇంకా పెద్దది చేశాడు. దొంగ సరుకు పట్టుకున్నవాడిలా తల పంకించాడు.

"మొన్న గురువారం పోయిన పిల్లకి ఫ్రేము ఇంత పాతదా? అంచులు వెలిసిపోయాయే. బతికున్న పిల్లకి దండేసి తెచ్చారా గోవర్ధనరావుగారూ?"

"మాది సముద్రపు గాలండి. మెరుగు నిలవదు. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

"సరే. మూడు రోజులు తీసుకెళ్ళండి."

మూడు అనే మాట వినగానే గోవర్ధనరావు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. పది కావాల్సినవాడు పదిహేను అడగాలి.

"పదిహేను ఇప్పించండి."

"ఎక్కడన్నా ఉందా? నాలుగు."

"ఇంట్లో పది రోజులు మైలండి. మైలలో ఉన్న పిల్లని తెచ్చి అందరి మధ్యా పడుకోబెడితే, మిగతా తల్లిదండ్రులు నన్నేం అనరు. మిమ్మల్నే అంటారు."

వెంకటపతి పాస్ కాగితం ముందుకి లాక్కుని పెన్ను తీశాడు.

"పది. నాకు కావాల్సింది ఫైల్లో ఒక ఫొటో. పాపం మాత్రం మీదే సుమండీ."

"నాదేనండి," అన్నాడు గోవర్ధనరావు.

పాస్ మీద సంతకం పడింది.

హర్షిణి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. కళ్ళ కింద నల్లగా ఉంది. గుడ్లవల్లేరు దాటేదాకా కాలవ వైపే చూస్తూ కూచుంది. పాస్ మీద తేదీలు రెండుసార్లు చదువుకుంది. పదీ ఉన్నాయి. అప్పుడు కొంచెం నవ్వింది. ఆ హాస్టల్లో సెలవు దొరికిన ప్రతివాళ్ళనీ అడిగే మాటే తనూ అడిగింది.

"ఎవర్ని చంపావు నాన్నా?"

గోవర్ధనరావు కారు పక్కకి ఆపాడు. ఫోన్ తీసి కూతురి చేతిలో పెట్టాడు.

దండ వెనక నవ్వుతున్నది హర్షిణి అక్క నవ్యశ్రీ: నాలుగేళ్ళ కిందట విజయవాడ హాస్టల్ నుంచి పది రోజులు పడుకుంటానని ఇంటికొస్తే, చదువు పోతుందని మూడో రోజునే, ఒక బుధవారం సాయంత్రం, గోవర్ధనరావు తనే తీసుకెళ్ళి దింపి వచ్చిన పిల్ల.