మంచి కాలు

“శభాష్! రెండు కాళ్లూ సమానంగా దూకాయే,” అంది ఫిజియోథెరపీ మేడమ్ హిందీలో, నేల మీద పరిచిన కొలత టేపును చూస్తూ.

మాస్కు పైన విజేత కళ్లు మెరిశాయి. కబడ్డీలో తెగిన మోకాలి లిగమెంట్‌కు కరోనా రోజుల్లోనే ఆపరేషనైంది. అప్పట్నుంచీ సూరత్ నవాగామ్‌లోని ఒంటిగదిలో మగ్గిపోయింది పిల్ల. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడే పరీక్ష ఇందాకే నెగ్గింది. ఆపరేషనైన కాలు, రెండో కాలు దూకినంత దూరం దూకితే మేడమ్ సరేనంటుంది. ఇక హాయిగా ఆటకు పోవచ్చు.

పక్క కుర్చీలో కూర్చున్న వాళ్లమ్మ వజ్రమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

“ఏందే గది? మంచి కాలుతోని గింతే దుంకినవేంది? నిన్న డాబా మీద దీనికి ఇంతకింత దుంకితివి గద! కావాలనే తక్కువ దుంకినవ్.”

విజేత గతుక్కుమంది. మేడమ్ తలెత్తింది.

“మమ్మీ ఏమంటోంది?” అని హిందీలోనే అడిగింది.

“మీ క్లినిక్ చాలా నీట్‌గా ఉందంటోంది మేడమ్,” అంది విజేత, అదే హిందీలో, తడుముకోకుండా.

ఔరా పిల్ల! సూరత్ వచ్చి ఏళ్లు గడిచినా వజ్రమ్మ హిందీ కూరగాయల బేరం దాటలేదు. చుట్టూ తెలుగువాళ్ల గదులే అయితే ఆమెకు మాత్రం ఇంకో భాషతో పనేముంది? అడాజన్‌లోని ఈ క్లినిక్‌కు వచ్చినప్పుడల్లా కూతురే ఆమెకు నోరు.

“నీట్ అంటివి, నాకు సమజ్ కాదనుకున్నవా? ఉన్నదున్నట్టు చెప్పు!”

“అమ్మా, జర సప్పుడు జెయ్యకు. ఇప్పుడు పోకుంటే టీమ్‌ల నా జాగ పోతది. ఆట లేకుంట గా గదిల నాకు దమ్మాడుతలేదే!”

“నాకు ఎరుక లేదా బిడ్డా? నువ్వు గోడ దిక్కు తిరిగి ఏడుస్తుంటే నేను పండుకున్ననుకుంటివా? గని గా కాలుకు ఇంక బలం రాలే. మల్ల తెగితె ఎట్లనే? ఆపరేషన్ నాడు నిన్ను లోపటికి తోల్కపోయి, కరోనా అని నన్ను గేటు కాడనే ఆపిండ్రు. నువ్వెట్లున్నవో చెప్పెటోళ్లు లేరు. నా పానం పోయినంత పనైంది. ఇంకోపారి నాతోని గాదు తల్లీ.” వజ్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

టేపు చుట్టబోతున్న మేడమ్ ఆగింది. కిటికీ వైపు తిరిగి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. మాస్కు పెట్టుకుంటే కళ్లజోడు మసకబారడం అందరికీ ఉన్న అవస్థే.

“ఇప్పుడేమంటోంది?” అంది హిందీలో, మెల్లగా.

విజేత తల దించుకుంది. ఈసారి అబద్ధం అంత తేలిగ్గా రాలేదు.

“మీకు... థాంక్స్ చెప్తోంది మేడమ్.”

మేడమ్ టేపును మళ్లీ నేల మీద పరిచింది. వజ్రమ్మ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసింది. తర్వాత విజేత వైపు తిరిగింది.

“ఇగ మంచి కాలుతోని నిజంగ దుంకు బిడ్డా.”